రెండేళ్ల తర్వాత ఆ బిడ్డను చూశామా?

(నవజాత శిశువైద్యుల వార్షిక సదస్సు, హైదరాబాదు: అధ్యక్షోపన్యాసం)



అధ్యక్షోపన్యాసం తెలుగులో ఇస్తానన్నప్పుడు కార్యవర్గ మిత్రులు కొందరు సందేహపడ్డారు. వైద్య సదస్సులో తెలుగు నడుస్తుందా అన్నారు. మన వార్డు బయట బెంచీ మీద కూర్చున్న పచ్చి బాలింత ఫోన్లో తన తల్లికి ఏం చెబుతుందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. "ఉమ్మనీరు మింగిందంట. బాక్సులో పెట్టారు. రాత్రి నుంచి మిషన్ మీద ఉంది. కామెర్లు కూడా ఉన్నాయని లైట్ల కింద పడుకోబెట్టారు." మన శాఖలో సగం పాఠం ఆ నాలుగు మాటల్లో ఉంది. మన బిడ్డల తల్లులు మాట్లాడే భాషలో మన చదువు గురించి మనం మాట్లాడుకోలేకపోతే లోపం ఆ భాషది కాదు.

ఇవాళ నా విషయం మన పైచదువు. ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, పిల్లల వైద్యంలో ఎండీ మూడేళ్లు, ఆపైన నీట్ ఎస్ఎస్ రాసి సీటు తెచ్చుకుంటే నవజాత శిశువైద్యం (నియోనేటాలజీ)లో డీఎం మరో మూడేళ్లు. ఇంట్లోవాళ్లు "ఇంకా ఎన్నాళ్లు చదువుతావమ్మా" అని అడుగుతుండగా, తోటివాళ్లు సొంత ప్రాక్టీసులో స్థిరపడుతుండగా, మన విద్యార్థులు ఈ దారి ఎంచుకుంటున్నారు. వాళ్లకు మనం ఏం నేర్పుతున్నామన్నది తేలిగ్గా తీసుకోవాల్సిన ప్రశ్న కాదు.

మన శాఖ వయసు చిన్నది. నియోనేటాలజీ అన్న మాటే 1960లో బాల్టిమోర్ వైద్యుడు అలెగ్జాండర్ షాఫర్ రాసిన పుస్తకంతో వాడుకలోకి వచ్చింది. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీకి అయిదున్నర వారాల ముందుగా కొడుకు పుట్టాడు. బరువు సుమారు 2.1 కిలోలు. ఊపిరితిత్తులు విచ్చుకోక 39 గంటల్లో కన్నుమూశాడు. అంత పెద్ద దేశాధ్యక్షుడి బిడ్డకు ఆనాడు ఎక్కడా దొరకని సీప్యాప్, ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా గాలి ఒత్తిడి ఇచ్చే యంత్రం, ఇవాళ మన జిల్లా ఆసుపత్రుల్లో ఉంది. ఆ బరువు బిడ్డ ఆ ఇబ్బందితో చనిపోతే ఇప్పుడు మనం సంజాయిషీ చెప్పుకోవాలి. ఆ మరణం తర్వాత పరిశోధనకు డబ్బు వచ్చింది, 1975లో అమెరికాలో ఈ శాఖకు మొదటి నిపుణ పరీక్ష జరిగింది. మన దేశంలో 1980లో నేషనల్ నియోనేటాలజీ ఫోరం ఏర్పడింది. తర్వాత చండీగఢ్ పీజీఐ, ఢిల్లీ ఎయిమ్స్ వంటి చోట్ల డీఎం కోర్సులు వచ్చాయి. 2003లో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లా ఆసుపత్రిలో మొదలైన నవజాత శిశువుల ప్రత్యేక సంరక్షణ విభాగం (ఎస్ఎన్‌సీయూ) నమూనా దేశమంతా పాకింది. ఈ నగరానికి ఇంకా పాత కథ ఉంది. తన దగ్గర పనిచేసే అమ్మాయి ప్రసవంలో చనిపోతే తట్టుకోలేక నిజాం కోడలు యువరాణి నిలోఫర్ ఆసుపత్రి కావాలని పట్టుబట్టారు. ఆ పట్టుదల ఫలితంగా వచ్చిన ఆసుపత్రి ఆమె పేరుతోనే 1953 నుంచి మన తల్లులను, బిడ్డలను చూస్తోంది.

ఫలితం కూడా కనబడుతోంది. దేశంలో ప్రతి వెయ్యి జననాలకు పుట్టిన నెలలోపు చనిపోయే బిడ్డలు 2014లో 26 మంది, 2021లో 19 మంది. 2030కల్లా ఈ సంఖ్యను పదిలోపుకు తేవాలన్నది జాతీయ లక్ష్యం. బతికే బిడ్డల సంఖ్య పెరుగుతోంది. అందుకు మనమందరం సంతోషిద్దాం.

బతికిన బిడ్డ తర్వాత ఏమవుతున్నాడు? నేను అడగదలచుకున్నది ఇదొక్కటే.

నేను శిక్షణలో ఉన్న రోజుల నాటి సంగతి. ఆ ఆసుపత్రి పేరు చెప్పను, అప్పట్లో చాలా ఆసుపత్రులు అలాగే ఉండేవి. ఏడో నెలలో పుట్టిన మగబిడ్డ, 1,150 గ్రాములు. వార్డు మొత్తానికి పల్స్ ఆక్సీమీటర్ ఒక్కటే. ఎవరి పరిస్థితి బాగా లేకపోతే వాళ్ల కాలికి కట్టేవాళ్లం. గాలితో కలిపి ఆక్సిజన్ తగ్గించి ఇచ్చే బ్లెండర్ లేదు. సిలిండర్ నుంచి వచ్చింది వచ్చినట్టు బిడ్డ తలమీది హుడ్‌లోకి వెళ్లేది. పెదాలు ఎర్రగా ఉంటే మాకు ధైర్యం, నీలంగా మారితే భయం. 52 రోజులు ఆ బిడ్డను కంటికి రెప్పలా చూసుకున్నాను. 1,600 గ్రాములకు వచ్చాక ఇంటికి పంపుతుంటే నాయనమ్మ నా చేతులు పట్టుకుని, "ఎనిమిదో నెల బిడ్డయితే బతకడంటారు డాక్టరమ్మా, మావాడు ఏడో నెల బిడ్డ, గట్టివాడు" అంది. ఆ రోజు వార్డులో అందరం మిఠాయి తిన్నాం.

అయిదు నెలలకు ఆవిడే మళ్లీ వచ్చింది. బిడ్డ బుగ్గ మీద పెద్ద కాటుక చుక్క, నడుముకు నల్లతాడు. బొద్దుగా ఉన్నాడు. "అన్నీ బాగానే ఉన్నాయమ్మా, దీపం వంకే చూట్టం లేదు" అంది. టార్చి వేశాను. రెండు కనుపాపల్లోనూ తెల్లగా మెరిసింది. కంటి డాక్టరు దగ్గరికి నేనే ఎత్తుకుని తీసుకెళ్లాను. చేయగలిగిన సమయం దాటిపోయిందన్నారు. తిరిగి వచ్చి ఆ బిడ్డ డిశ్చార్జి కార్డు తీసి చూశాను. బరువు, పాలు, టీకాలు, మందుల చుక్కలు, అన్నీ నా చేతిరాతే. కళ్ల పరీక్ష చేయించాలన్న మాట ఎక్కడా లేదు. అది రాయాలని నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లు అలా తిరిగి వచ్చిన బిడ్డను ఎప్పుడూ చూసి ఉండలేదు.

ఇది ఒక్క వార్డు పొరపాటు అయితే ఈ వేదిక మీద చెప్పేదాన్ని కాదు. మన శాఖ చరిత్రంతా ఇలాంటిదే. 1942లో బోస్టన్ కంటి వైద్యుడు టెర్రీ నెలలు నిండని బిడ్డల కళ్లలో, కటకం వెనక, తెల్లటి పొరను గుర్తించారు. కారణం ఎవరికీ తెలియలేదు. 1951లో మెల్‌బోర్న్ వైద్యురాలు కేట్ క్యాంప్‌బెల్ ఆక్సిజన్‌ను అనుమానించారు. ఆ తర్వాత అమెరికాలో 18 ఆసుపత్రులు కలిసి చేసిన అధ్యయనం దాన్ని ఖాయం చేసింది. ఈలోపు ప్రపంచంలో దాదాపు పదివేల మంది పిల్లలు చూపు కోల్పోయారని అంచనా. ఆక్సిజన్ ఇచ్చిన చేతులు ప్రేమగల చేతులే. కాకపోతే ఆక్సిజన్ ఇచ్చే డాక్టరు ఒక భవనంలో, కొన్ని నెలల తర్వాత చూపులేని పిల్లవాణ్ని చూసే డాక్టరు మరో భవనంలో. ఇద్దరి మధ్యా ఆ బిడ్డ తల్లి తప్ప వేరే ఎవరూ తిరగలేదు. ఆ తర్వాత భయంతో ఆక్సిజన్ బాగా కోసేస్తే అంధత్వం తగ్గింది గానీ ఊపిరాడక చనిపోయే బిడ్డలు పెరిగారు. ఒక్క బిడ్డ చూపు దక్కినందుకు 16 మంది ప్రాణాలు పోయి ఉంటాయని 1973లో పరిశోధకుడు కెన్నెత్ క్రాస్ లెక్కగట్టారు.

1990లలో ఇదే కథ డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌తో నడిచింది. వెంటిలేటర్ వదలని బిడ్డకు ఆ మందు ఎక్కువ మోతాదులో ఇస్తే రెండు మూడు రోజుల్లో గొట్టం తీసేయగలిగేవాళ్లు. డ్యూటీలో ఉన్న డాక్టరుకు అంతకన్నా ఏం కావాలి? ఆ పిల్లలు నడవాల్సిన వయసుకు వచ్చాక వాళ్లలో సెరెబ్రల్ పాల్సీ ఎక్కువగా బయటపడింది. అలా మామూలుగా వాడొద్దని అమెరికన్ శిశువైద్య అకాడమీ 2002లో హెచ్చరించింది.

మన ఇంటి దగ్గరి ఉదాహరణ హీలిక్స్ అధ్యయనం. పుట్టగానే ఏడవక మెదడు దెబ్బతిన్న బిడ్డల ఒంటిని మూడు రోజులు చల్లబరిస్తే మేలని ధనిక దేశాల్లో రుజువైంది. మనమూ యంత్రాలు కొన్నాం. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో ఏడు ఆసుపత్రుల్లో 408 మంది బిడ్డల మీద అధ్యయనం చేసి, వాళ్లను ఏడాదిన్నర వయసు దాటేవరకు అనుసరించి, 2021లో ఫలితం ప్రకటించారు. చల్లబరిచిన బిడ్డల్లో మరణాలు తగ్గలేదు, పెరిగాయి. అక్కడ బతికించిన వైద్యం ఇక్కడ బతికించలేదు. పాఠ్యపుస్తకం చదివితే ఇది తెలిసేది కాదు. మన బిడ్డల్ని మనం వెంటబడి చూసుకుంటేనే తెలిసింది.

ఇప్పుడు మన డీఎం విద్యార్థి లాగ్ బుక్కు తీసి చూడండి. ఇన్ని గొట్టాలు వేశాను, ఇన్ని బొడ్డు లైన్లు పెట్టాను, ఇన్నిసార్లు రక్తం మార్చాను అని ఉంటుంది. అవన్నీ రావాలి, నిద్రలో లేపినా రావాలి. అయితే చేయి ఎక్కడ ఆపాలో ఆ పుస్తకంలో ఏ గడీ చెప్పదు. కిలో బరువు బిడ్డ ఒంట్లో ఉండే రక్తం దాదాపు 90 మిల్లీలీటర్లు. హోటల్లో ఇచ్చే చిన్న టీ గ్లాసుడు. రోజూ పొద్దున రౌండ్సుకు ముందు అలవాటుగా రెండు మిల్లీలీటర్లు లాగితే పది రోజుల్లో అయిదో వంతు పైన మనమే తీసేశాం. ఆ తర్వాత రక్తం తక్కువైందని మనమే ఎక్కిస్తాం. ఈ పరీక్ష లేకపోతే ఇవాళ నా నిర్ణయం మారుతుందా అని సిరంజి పట్టుకునే ముందు తనను తాను ప్రశ్నించుకునే అలవాటు ఒక్క ఉపన్యాసంతో రాదు. తన చేతిలో పెరిగిన బిడ్డ రెండేళ్లకు ఎలా ఉన్నాడో చూసినవాడికి వస్తుంది.

అందుకని నా ప్రతిపాదన ఇది. డీఎంలో చేరిన మొదటి ఆరు నెలల్లో ప్రతి విద్యార్థికీ పదిమంది బిడ్డల్ని అప్పగిద్దాం. ఒకటిన్నర కిలోల లోపు పుట్టినవాళ్లు, పుట్టగానే ఏడవక మెదడు దెబ్బతిన్నవాళ్లు. ఇరవై ఎనిమిది వారాలకు పుట్టిన బిడ్డకు, నెలలు తక్కువైన లెక్క సరిచేసి చూస్తే, రెండేళ్లు నిండేది పుట్టిన 27 నెలలకు. కోర్సు 36 నెలలు. అంటే చివరి పరీక్షకు ముందే ఆ పదిమందికీ రెండేళ్లు నిండుతాయి. నెలలోపు రెటీనా పరీక్ష, చెవుల పరీక్ష, తల కొలత, మెడ నిలపడం, కూర్చోవడం, మాట, అన్నీ ఆ విద్యార్థే చూడాలి, రాయాలి. తుది ప్రాక్టికల్ పరీక్షలో ఒక కేసు ఆ పదిమందిలో ఒకరు కావాలి. పరీక్షకుడు అడగాల్సిన మొదటి ప్రశ్న: "ఈ బిడ్డకు మీరు మొదటి వారంలో చేసినవాటిలో ఇప్పుడైతే ఏది చేయరు?"

తల్లులు రారండీ, దూరమండీ అంటారు. నిజమే. రెండు బస్సులు మారి, ఒకరోజు కూలి పోగొట్టుకుని ఎవరు వస్తారు? అందుకే మనవాళ్లే వెళ్లాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో ఎదుగుదల లోపాల కేంద్రాలు ఏర్పాటయ్యాయి. విద్యార్థిని మూడు నెలలు జిల్లా ఎస్ఎన్‌సీయూకు, ఆ కేంద్రానికి కలిపి పంపుదాం. పంపిన చోట బ్లెండర్ లేకపోతే ఏం చేయాలో, వెంటిలేటర్ లేని రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో అక్కడే నేర్చుకుంటాడు. ఆశా కార్యకర్తతో కలిసి రెండు ఇళ్లకు వెళ్తే తేనె నాకించడం, వస పోయడం గురించి తల్లులతో ఎలా మాట్లాడాలో కూడా నేర్చుకుంటాడు. మన సరిహద్దునే ఉన్న మహారాష్ట్ర జిల్లా గడ్చిరోలిలో వైద్యులు అభయ్ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకు బిడ్డ ఊపిరి లెక్కపెట్టడం, వెచ్చగా ఉంచడం, ఇన్ఫెక్షన్ గుర్తించడం నేర్పి నవజాత మరణాలను 62 శాతం తగ్గించారు. ఆ ఫలితం 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. మన సూపర్ స్పెషలిస్టు ఆ ఆడవాళ్ల దగ్గర కొన్నాళ్లు కూర్చుంటే తక్కువేమీ కాడు.

నర్సుల గురించి ఒక్క మాట. బిడ్డను తల్లి గుండెల మీద పడుకోబెట్టే కంగారూ సంరక్షణ కొలంబియా రాజధాని బొగోటాలో 1978లో మొదలైంది. పుట్టిన వెంటనే దాన్ని మొదలుపెడితే మరణాలు 25 శాతం తగ్గుతాయని 2021 నాటి అధ్యయనం చెప్పింది. ఆ అధ్యయనం జరిగిన అయిదు ఆసుపత్రుల్లో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఒకటి. ఆ పని చేయించేది నర్సులు, చేసేది తల్లులు. డీఎం విద్యార్థి మొదటి నెల అనుభవమున్న సిస్టర్ కింద పనిచేయాలని నా గట్టి అభిప్రాయం.

కళ్ల విషయంలో ఈ జంట నగరాలు ముందే దారి చూపాయి. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ నిపుణులు పసిబిడ్డల వార్డులకే వచ్చి రెటీనా చూసే పద్ధతిని ఎప్పుడో మొదలుపెట్టారు. 34 వారాల లోపు, లేదా రెండు కిలోల లోపు పుట్టిన ప్రతి బిడ్డకూ నెలలోపు ఆ పరీక్ష జరగాలన్న నియమం ఇప్పుడు మన దగ్గర ఉంది. నా వార్డులోని ఆ బిడ్డకు అప్పుడు లేనిది ఇప్పుడు పుట్టే బిడ్డకు ఉంది. అమలు చేయాల్సింది మనమే.

మధ్యాహ్నం మూడున్నరకు సర్వసభ్య సమావేశంలో ఈ పదిమంది బిడ్డల తీర్మానం చర్చకు వస్తుంది. విశ్వవిద్యాలయానికి, పరీక్షల బోర్డుకు పంపడానికి మీ సంతకాలు కావాలి. భోజనం అయ్యాక వెళ్లిపోకుండా దయచేసి ఉండండి. విద్యార్థులకు వేరే అభ్యర్థన: సోమవారం డ్యూటీకి వెళ్లగానే పాత రిజిస్టరు తీసి, నిరుడు మీరు ఇంటికి పంపిన ఒక్క బిడ్డ ఫోన్ నంబరు వెతకండి. ఆ తల్లికి ఫోన్ చేసి, బిడ్డ దీపం వంక చూస్తున్నాడా, పిలిస్తే తిరుగుతున్నాడా, నిలబడుతున్నాడా అని అడగండి.