టేకు ఓడ, మూడు నెలల చీకటి

బందరు రేవులో లోతు తక్కువ. తెరచాప ఓడలు దూరంగా లంగరు వేస్తే, కొబ్బరిపీచు తాళ్లతో కుట్టిన మసూలా పడవలు సరుకును ఒడ్డుకు చేర్చేవి. ఆ తెరచాప ఓడల కాలం నాటిదే ఎడ్విన్ ఫాక్స్ అనే ఓడ. 1853లో కలకత్తాకు ఎదురుగా, హుగ్లీ ఒడ్డున సల్కియాలో టేకుతో కట్టారు. మన బంగాళాఖాతపు బిడ్డే అనాలి.

క్రిమియా యుద్ధంలో సైనికులను మోసింది. 1858లో బ్రిటన్ నుంచి దాదాపు 280 మంది ఖైదీలను ఎక్కించుకుంది. సరుకు నింపే చోట మనుషుల్ని నింపారు! పైన తెరచాపల నిండా గాలి, కింద ఊపిరాడని ఉక్క. ఆగస్టులో ప్లిమత్ వదిలితే నవంబరులో గానీ పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ రాలేదు. మన అండమాన్‌లో పోర్ట్‌బ్లెయిర్ ఖైదీల వలస మొదలైంది కూడా ఆ ఏడాది మార్చిలోనే. తర్వాతి తరాల్లో కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ ప్రతివాది భయంకరాచారి కూడా ఖైదీగా ఆ అండమాన్‌కు వెళ్లినవారే.

ఆ తర్వాత ఎడ్విన్ ఫాక్స్ న్యూజిలాండ్‌కు వలస కుటుంబాలను చేర్చింది. తెరచాపలు దించాక గొర్రెమాంసం గడ్డకట్టించే గిడ్డంగి అయింది, ఆపై బొగ్గు కొట్టు. 1965లో దాన్ని కాపాడాలనుకున్నవారు ఒక్క షిల్లింగుకు కొన్నారు. ఆస్ట్రేలియాకు ఖైదీలను మోసిన ఓడల్లో నేడు మిగిలింది అదొక్కటే. న్యూజిలాండ్‌లోని పిక్టన్‌లో, నీళ్లు తోడేసిన రేవుగుంటలో ఉంది. కొయ్యలు నల్లబడ్డాయి, పై డెక్కు చాలావరకు పోయింది. అడుగున మాత్రం ఆనాటి టేకు పలకలు, వాటిమీద తాపడం చేసిన లోహపు రేకులు ఇంకా కనిపిస్తాయి.