నలభై దాటినా ఈత వస్తాది



ఈరోజు మాట ఈత గురించి. "ఈ వయసులో మాకు ఈతేందమ్మా?" అని నవ్వుకుంటున్నారా? నవ్వండి. నవ్వినాక వినండి.

మన చిత్తూరు పల్లెల్లో ఈత మగపిల్లల చదువు. ఎండాకాలం వస్తే బావి నిండా వాళ్లే. నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టుకొని దూకేవాళ్లు. ఆడపిల్ల గట్టు మీద నిలబడి చూసేది. "ఆడపిల్లకు ఈతెందుకు?" అనేవాళ్లు. పలక పట్టినప్పుడు కూడా ఆ మాటే అన్నారు కదా! ఇప్పుడు బావులు ఎండిపోయి బోర్లు వచ్చినాయి. మగపిల్లలకూ ఈత కరువైంది.

నీళ్లకు ఆడా మగా తేడా తెలియదు. గుడ్డలు ఉతకను చెరువుకు పోయేది ఎవరు? బర్రెను నీళ్లకు తోలేది ఎవరు? 2021 నవంబరు వానలకు స్వర్ణముఖి ఏరు పొంగింది. తిరుపతి వీధుల్లో నీళ్లు పారినాయి. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఆ ఒక్క ఏడాదే ప్రపంచంలో సుమారు 3 లక్షల మంది నీళ్లలో మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెప్పింది. (వరద నీళ్లలో ఈతగాడు కూడా దిగకూడదు. అది మరిచిపోవద్దు.)

ఇప్పుడు ఒక ఆడమనిషి కథ. ఆమె పేరు గోలి శ్యామల. సొంత ఊరు సామర్లకోట. ఒకప్పుడు ఆమెకు నీళ్లంటేనే భయం. ఆ భయం పోవాలని నలభై దాటినాక ఈత నేర్చుకున్నారు. 2021 మార్చి 19న శ్రీలంక ఒడ్డున సముద్రంలో దిగారు. ధనుష్కోడి దాకా సుమారు 30 కిలోమీటర్లు ఈదారు. 13 గంటలకు పైగా పట్టింది. అంతటితో ఆగలేదు. 2024 డిసెంబరు ఆఖరులో విశాఖపట్నంలో బయలుదేరి, రోజుకు కొంత దూరం ఈదుతూ, 2025 జనవరి మొదట్లో కాకినాడ చేరారు. మొత్తం 150 కిలోమీటర్లు. అప్పుడు ఆమె వయసు 52.

మనకు సముద్రం వద్దు. చెరువులో కాలు జారితే గట్టు చేరేంత ఈత చాలు. అది ఎట్లా నేర్వాలి?

మొదట 'అ' దిద్దినప్పుడు బలపం ఎంత గట్టిగా పట్టినారో గుర్తుందా? బలపం విరిగేది. వేళ్లు నొప్పి పుట్టేవి. చెయ్యి వదులైనాకనే అక్షరం గుండ్రంగా వచ్చింది. నీళ్లలోనూ అంతే. బిగుసుకుంటే మునుగుతాం. వదులైతే తేలుతాం.

అన్నిటికంటే ముందు ఊపిరి. తిరుమల పుష్కరిణిలో ముక్కు మూసుకొని మూడు మునకలు వేస్తాం. ఈతలో ముక్కు మూయకూడదు. నడుము లోతు నీళ్లలో గట్టు పట్టుకొని నిలబడండి. ముఖం నీళ్లలో పెట్టండి. ముక్కుతో, నోటితో గాలి మెల్లగా వదలండి. బుడగలు రావాలి. పైకి లేచి నోటితో గాలి పీల్చండి. ఇదే పది రోజులు చేసినా తప్పు లేదు. చాలామంది ఊపిరి బిగబట్టి ఈదుతారు. నాలుగు బారలకే ఆయాసం వస్తుంది. "నాకు బలం లేదు" అంటారు. లేనిది బలం కాదు. లోపలి గాలి బయటికి పోలేదు, అంతే.

తర్వాత తల. భయం వేస్తే తల పైకి లేస్తుంది. తల లేస్తే కాళ్లు కిందికి పోతాయి. తక్కెడ చూశారు కదా, అట్లాగే. తల దించి అడుగు నేలను చూడండి. కాళ్లు వాటంతట అవే తేలతాయి. బావిలో నేర్చిన మగవాళ్లు కూడా చాలామంది తల ఎత్తి కుక్క ఈత ఈదుతారు. తొందరగా అలసిపోతారు. వాళ్లను చూసి నేర్వొద్దు.

సైకిలు తొక్కినట్టు మోకాళ్లు మడవొద్దు. తొడ దగ్గర నుంచి కాలు ఆడించండి. చెయ్యి ముందుకు బాగా చాపి, నీళ్లను వెనక్కి నెట్టండి. గాలి కావాలంటే తల ఎత్తకుండా పక్కకు తిప్పండి. ఒక చెవి నీళ్లలోనే ఉండాలి.

చీరతో ఈతకు దిగొద్దు. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటుంది. ఒంటికి పట్టే బట్టలు వేసుకోండి. సిగ్గు అనిపిస్తే, ఈత కొలను వాళ్లను ఆడవాళ్లకు వేరే వేళ పెట్టమని అడగండి. ఒక్కరు అడిగితే వినరు, పదిమంది కలిసి పొండి. నేర్పేవాళ్లు పక్కన లేకుండా దిగొద్దు. మూర్ఛ, గుండె జబ్బు ఉంటే ముందు డాక్టరును అడగండి.

కొత్తగా ఈత వచ్చినవాళ్లు ఇంకొకరిని కాపాడాలని దూకకూడదు. మునిగేవాళ్లు మెడ పట్టుకుంటారు. ఇద్దరూ పోతారు. మన పక్క రాష్ట్రం తమిళనాడులో, పెరంబలూరు జిల్లా కొట్టరై డ్యామ్ దగ్గర 2020 ఆగస్టులో నలుగురు కుర్రాళ్లు మునిగిపోతున్నారు. అక్కడున్న ముగ్గురు ఆడవాళ్లు తమ చీరలు విప్పి నీళ్లలోకి విసిరారు. ఇద్దరు కుర్రాళ్లు బతికారు.

చీర గానీ, తాడు గానీ, పొడుగు కట్టె గానీ అందించండి. ఖాళీ ప్లాస్టిక్ బిందె బోర్లించి పట్టుకుంటే మనిషిని తేలుస్తుంది. గుడ్డలు ఉతకను పోయేటప్పుడు ఒక తాడు, ఒక ఖాళీ బిందె వెంట తీసుకొని పొండి.