ఛాయాచిత్రం: ఉంచవలసినది, విడువవలసినది

చిత్రకారుడు పని ఆరంభించేటప్పుడు అతని యెదుట తెల్లని కాగితం ఉంటుంది. దానిమీద తనకు కావలసినవాటిని ఒక్కొక్కటిగా చేర్చుకొంటూ పోతాడు. ఛాయాగ్రాహకుని పరిస్థితి ఇందుకు విరుద్ధం. అతడు వచ్చేసరికే దృశ్యం నిండి ఉంటుంది. చెట్టు, కరెంటు స్తంభం, తీగలు, గోడమీది ప్రకటన, దారిన పోయే మనిషి, అన్నీ అక్కడే ఉంటవి. అక్కరలేనివాటిని తొలగించుకొంటూ రావడమే అతని పని. కెమెరా చేతబట్టినవాడు ఏమి తీయవలెనో తెలిసికొంటే చాలదు. ఏమి విడువవలెనో కూడ తెలిసికోవలె.

ఈనాడు కెమెరా కలవారి ఇంటి వస్తువు కాదు; జేబులోని సెల్‌ఫోనులోనే ఉన్నది. ఫిలిం కొననక్కరలేదు, కడిగించనక్కరలేదు. ఈ సౌకర్యంతోబాటు ఒక చిక్కు కూడ వచ్చింది. రోలుకు 36 చిత్రాలు మాత్రమే వచ్చే రోజులలో మీట నొక్కబోయే ముందు మనిషి ఒక్క క్షణం ఆగేవాడు. ఇప్పుడా క్షణం జారిపోయింది. ఆ క్షణంలో చేయదగిన ఆలోచనను గురించీ, పిమ్మట ఇంట కూర్చుండి చేయదగిన సవరణలను గురించీ నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఉదాహరణకు రాజమహేంద్రవరంలోని గోదావరి గట్టును తీసికొందాం. ప్రాతఃకాలం. మెట్లమీద స్నానాలు చేసేవారు, ఒడ్డున కట్టిన పడవలు, నీటిలో బారులు తీరిన హేవ్‌లాక్ వంతెన స్తంభాలు, ఆవలి ఒడ్డున కొవ్వూరు వైపు చెట్ల సన్నని గీత. కంటికి అంతా రమ్యంగానే ఉంటుంది. అయితే అంతటినీ ఒకే చిత్రంలో ఇరికిస్తే, ఇంటికి వచ్చి చూచుకొన్నప్పుడు నదీ కనబడదు, పడవా కనబడదు. కారణం సులభమే. మన కన్ను ఒకదాని తరువాత ఒకటి చూస్తుంది, నచ్చినదానిమీద నిలుస్తుంది. నచ్చనిదానిని మనస్సు పక్కకు నెట్టివేస్తుంది. కెమెరాకు ఈ పక్షపాతం లేదు. అది పడవనూ, పడవ పక్కన తేలే ప్లాస్టిక్ సంచినీ సమానంగానే గ్రహిస్తుంది.

కాబట్టి ఈ చిత్రం దేనిని గురించి అన్నది మొట్టమొదటి నిర్ణయం. పడవను గురించి అయితే పడవ దగ్గరకు నడవవలె. ఫోను తెరమీద రెండు వేళ్ళతో బొమ్మను సాగదీయడంకన్న పది అడుగులు ముందుకు వేయడం మేలు. అట్లా సాగదీసినప్పుడు చాలా ఫోన్లు చేసేది బొమ్మ మధ్యభాగాన్ని కత్తిరించి పెద్దది చేయడమే, వివరం తరిగిపోతుంది. వంతెనను గురించి అయితే, స్తంభాలు ఒకదాని వెనుక ఒకటి చిన్నవవుతూ దూరానికి సాగేటట్లు ఒక పక్కగా నిలువవలె. సరిగా ఎదురుగా నిలిస్తే అది కంచె మాదిరి అడ్డంగా పరచుకొంటుంది. ఇక స్నానాలు చేసేవారి సంగతి. అది బహిరంగ స్థలమే అయినా ఆ మనుష్యులు మన చిత్రం కోసం అక్కడికి రాలేదు. తడిబట్టలతో ఉన్నవారివైపు కెమెరా ఎత్తకపోవడం మర్యాద. పడవవానిని తీయదలచినా ఒక మాట అడిగి తీయవలె.

రెండవ నిర్ణయం వెలుతురుకు సంబంధించినది. రాజమహేంద్రవరం గోదావరికి తూర్పు ఒడ్డున ఉన్నది. గట్టుమీద నిలిచి నదివైపు చూస్తే మనం చూచేది పడమర దిక్కు. ఉదయం సూర్యుడు మన వీపు వెనుక ఉంటాడు. పడవ రంగులు, తాళ్ళ ముడులు స్పష్టంగా వస్తవి. సాయంకాలం సూర్యుడు కొవ్వూరు వైపు దిగుతాడు. అప్పుడదే పడవ నల్లని ఆకారంగా మారి, దాని వెనుక నీరు మెరుస్తుంది. రెండు వేళలూ మంచివే. పడవను చూపదలచినవాడు ఉదయం రావలె, సాయంసంధ్యను చూపదలచినవాడు సాయంకాలం రావలె. ఎండకు ఎదురుగా తీసేటప్పుడు తెరమీద ఆకాశం భాగాన్ని వేలితో తాకితే మేఘాల రంగు నిలుస్తుంది. పడవవాని ముఖాన్ని తాకితే ముఖం తెలుస్తుంది గాని ఆకాశం తెల్లబారుతుంది. ఏది పోగొట్టుకోవడానికి సిద్ధపడతామో మనమే తేల్చుకోవలె.

మూడవది అమరిక. ఆకాశానికీ నేలకూ చెరిసగం పంచవద్దనీ, ఒకదానికి మూడింట రెండు వంతులు ఇమ్మనీ ఒక సూత్రమున్నది. జాన్ థామస్ స్మిత్ అనే ఆంగ్లేయుడు 1797లో గ్రామసీమల దృశ్యాలను గురించి వ్రాసిన గ్రంథంలో ఈ మూడవ వంతు సూత్రానికి పేరు పెట్టాడు. అప్పటికింకా ఛాయాచిత్రమే పుట్టలేదు. మేఘాలు బాగున్ననాడు ఆకాశానికి, నీటిపై నీడలు బాగున్ననాడు నదికి ఎక్కువ భాగం ఇవ్వవచ్చు. గాలి లేక నీరు అద్దంలాగున నిలిచిననాడు సగం సగమే అందంగా ఉండవచ్చు. సూత్రం తెలిసి విడిచిపెట్టడం వేరు, తెలియక తప్పడం వేరు.

నాల్గవది ఓరిమి. 1893 ఫిబ్రవరి 22వ తేదీన న్యూయార్కు నగరంలో మంచుతుఫాను వీచింది. ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ చేతికెమెరాతో ఫిఫ్త్ అవెన్యూ వీధిలో మూడు గంటలపాటు నిలుచుండి, తనకు కావలసిన గుర్రపుబండి తనకు కావలసిన చోటికి వచ్చేవరకు వేచియున్నాడు. అంతసేపు వేచి తీసిన చిత్రంలో కూడ ఆయన చాలా భాగాన్ని కత్తిరించివేసి, బండి చుట్టూ ఉన్న భాగాన్నే ఉంచుకొన్నాడు. ఓరిమి ఉన్నంత మాత్రాన కత్తెర అక్కరలేకపోలేదు.

సవరణను గురించి పెద్దలలో ఏకాభిప్రాయం లేదు. ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు హెన్రీ కార్టియే బ్రెసాఁ చిత్రాన్ని కత్తిరించడానికి సాధారణంగా ఒప్పుకొనేవాడు కాదు. అయినా 1932లో పారిసు సెంట్‌లజార్ రైలుస్టేషను వెనుక, నీటిమడుగు దాటబోతూ ఎగిరిన మనిషిని ఆయన పలకల సందులోనుండి తీసినప్పుడు, అంచున పడిన అడ్డును కత్తిరించక తప్పలేదు. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ 1941లో హెర్నాండెజ్ అనే పల్లెపై చంద్రోదయాన్ని తీశాడు. ఆ ఒక్క నెగెటివునుండి కొన్ని దశాబ్దాలపాటు ప్రతులు తీస్తూ, ఆకాశాన్ని క్రమంగా మరింత నల్లగా చేస్తూ వచ్చాడు. చంద్రుడు, చర్చి, సమాధులపైని శిలువలు మాత్రం ఉన్నచోటనే ఉన్నవి.

మనవంటి వారికి మూడు సవరణలు చాలును. వంగిన దిగంతరేఖను సరిచేయడం మొదటిది. నది ఒక పక్కకు ఒలికిపోతున్నట్లు ఉండరాదు. అంచులలో దూరిన సగం చెయ్యినో, స్తంభం ముక్కనో కత్తిరించడం రెండవది. వెలుగునీడలను కన్ను చూచినదానికి చేరువగా తేవడం మూడవది. రంగును పెంచుకొంటూ పోతే గోదావరి నీరు నీలిసిరా అవుతుంది. వరదనాటి గోదావరి ఎర్రగానే ఉంటుంది. దానిని ఎర్రగానే ఉండనివ్వవలె.

ఇవికాక నాల్గవ సవరణ ఒకటి నేడు అందరికీ అందుబాటులోకి వచ్చింది. చిత్రంలోని మనిషినో, వస్తువునో వేలితో రుద్ది మాయం చేయడం. ఇక్కడ జాగ్రత్త అవసరం. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1982 ఫిబ్రవరి సంచిక ముఖపత్రంపై ఈజిప్టులోని గీజా పిరమిడ్ల చిత్రం వేసింది. అడ్డంగా తీసిన చిత్రం నిలువు పుటలో ఇమడడానికి యంత్రసహాయంతో పిరమిడ్లను ఒకదానికొకటి దగ్గరగా జరిపారు. అందుకు వచ్చిన విమర్శ ఇప్పటికీ పాఠంగా చెప్పబడుతున్నది. రెండు అడుగులు పక్కకు జరిగి నిలబడితే పిరమిడ్లు దగ్గరగా కనబడవచ్చు. అది చూచేవాని చోటు. రాళ్ళనే జరిపితే అది అబద్ధం.

మన గట్టుమీది ప్లాస్టిక్ సంచికి కూడ ఇదే న్యాయం. ఒక అడుగు జరిగి దానిని చిత్రంలోకి రానీయకపోవచ్చు. వంగి దానిని తీసి చెత్తబుట్టలో వేస్తే ఇంకా మంచిది. దానిని చిత్రంలోనుండి తుడిచివేసి "మన గోదావరి ఎంత నిర్మలమో చూడండి" అంటే చూచేవారిని మోసగించినట్లే.

ఇందులో మరొక నష్టమున్నది. హేవ్‌లాక్ వంతెనమీద 1900 నుండి 1997 వరకు రైళ్ళు నడిచినవి. ఆ కాలంలో గట్టుమీద చిత్రం తీసిన ఏ రసికునికైనా, ప్రశాంతమైన నదిపై పొగో, పెట్టెల వరుసో అడ్డమనిపించి ఉండవచ్చు. నేటి సాధనం ఆనాడు అతని చేతిలో ఉంటే రైలును తుడిచివేసేవాడేమో. ఈనాడు ఆ వంతెనపై రైలు లేదు. అటువంటి పాతచిత్రం ఏ ఇంటి ఆల్బములోనైనా దొరికితే మనం మొదట వెదికేది ఆ రైలునే. ఈనాడు మనకు అడ్డుగా తోచే తీగలు, బడ్డీకొట్లు, పడవలమీది పేర్లు రేపు మన మనుమలు వెదుక్కొనేవి కావచ్చును.

అందుచేత అసలు ప్రతిని చెరపకుండ ఒకచోట దాచి, సవరణలన్నీ నకలుమీదనే చేయండి. తీసిన పదింటిలో మంచిది ఒకటి ఏరి, దాని వెనుక తేదీ, స్థలం, అందులోని మనుష్యుల పేర్లు వ్రాయించి కాగితంమీద అచ్చువేయించండి. వచ్చే ఆదివారం ఉదయం గట్టుమీదికో, చెరువు కట్టమీదికో వెళ్ళి, ఒక్క పడవనో ఒక్క చెట్టునో ఎన్నుకొని, మీట నొక్కబోయే ముందు ఒక్క క్షణం ఆగి చూడండి. సెలవు.