ఎరెబస్ పర్వతము, దాని చెంతనున్న అఖాతములు



ఆర్యభటుడు ఉత్తరధ్రువమున మేరువును, దక్షిణధ్రువమున జలమధ్యమందు బడబాముఖమును నిలిపెను. నిజమునకు అచట నున్నది జలము కాదు, మంచు కప్పిన మహాఖండము. అయినను ఆ ఖండపు టంచున, రాస్ ద్వీపముపై, నిప్పు గ్రక్కు కొండ యొకటి కలదు. దాని పేరు ఎరెబస్. పూర్వులు దీని నెరిగియే బడబాగ్నిని వర్ణించిరని కొంద రనవచ్చును. అది అభిమానమే కాని ప్రమాణము కాదు.

77½ డిగ్రీల దక్షిణాక్షాంశమున, 3,794 మీటర్ల యెత్తున నీ కొండ నిలిచియున్నది. 1841 జనవరి 28వ తేదీన జేమ్స్ క్లార్క్ రాస్ అను ఆంగ్ల నావికుడు దీనిని పొగమంటలతో గాంచి, దీనికిని, ప్రక్క శిఖరమునకును తన యోడల పేర్లనే ఎరెబస్, టెర్రర్ అని పెట్టెను. యవనుల పురాణములలో ఎరెబస్ అనగా అంధకారము. మండెడు కొండకు చీకటి పేరు! ఆ యోడలు రెండును 1845లో ఫ్రాంక్లిన్ వెంట ఉత్తర హిమసముద్రమునకు పోయి మరల రాలేదు.

1908 మార్చి 10న షాకిల్టన్ బృందమువారు ఐదుగురు శిఖరము నెక్కిరి. వారిలో డేవిడ్ పండితునకు ఏబదియేండ్లు. ఆరవవాడు, కాలివ్రేళ్లు చలికి చెడుటచే, క్రింది గుడారమున నుండిపోయెను. బిలములోని కరగిన రాతి కొలనును 1972 నుండి శాస్త్రజ్ఞులు పరిశీలించుచున్నారు. బిలము చుట్టును నేల నుండి వెడలు ఆవిరి పైకి రాగానే గడ్డకట్టి మంచు గొట్టములై లేచును.

ఇక అఖాతముల మాట. కొండకు పడమటనున్న నీటిని రాస్ అఖాతమని తలచి, దానికి మెక్‌మర్డో పేరిడెను. 1902లో స్కాట్ బృందమువారు అది జలసంధి యనియు, కొండ ద్వీపముపై నున్నదనియు తేల్చిరి. పటము దిద్దబడెను. ఉత్తరమున లూయిస్ అఖాతము వేరుగ కలదు.

1979 నవంబరు 28న న్యూజీలాండు నుండి విహారయాత్రికులతో నొక విమానము వచ్చెను. బయలుదేరుటకు ముందు యంత్రమున దాని మార్గపు లెక్కలు మార్చబడినవి, నడపువారికి తెలుపబడలేదు. వారు మెక్‌మర్డో మీదుగ పోవుచున్నామనుకొని లూయిస్ అఖాతముపై దిగిరి. ఇరువైపుల నల్లని కొండచరియలు చూచి, తలచిన తావే యనుకొనిరి. ఎదుట తెల్లని వాలును, పైన తెల్లని మబ్బును ఏకమై కొండ కానరాలేదు. 257 మందియు మరణించిరి.

మొదటి విచారణ తప్పును చోదకులపై మోపెను. 1981లో న్యాయమూర్తి మహోన్ విచారించి, లెక్క మార్చి చెప్పకుండుటయే ముఖ్యకారణమని తేల్చెను. వ్రాసిన లెక్క నమ్మి నడచువాడు, లెక్క దిద్దినవాడు తెలుపనిచో నేమి చేయగలడు?

ఆ విమాన శకలములు నేటికిని కొండ ఉత్తరపు వాలుననే యున్నవి. మంచు తగ్గిన యేండ్ల పైకి కానవచ్చును.