ధర్మాసనము - స్వపక్షాభిమానము



మన కులమువా రొకరు న్యాయాధిపతి యైనచో మనకెల్లరకును సంతోషమే. కాని “ఇక మనకు భయము లేదు” అనుకొనుట ఆయన పదవికే కళంకము. ఇందుకు ఆంగ్లదేశపు దృష్టాంత మొకటి విన్నవించెదను.

చిత్రహింసల నేరమునకై స్పెయిను దేశము కోరిన చిలీ పూర్వాధినేత పినోచెట్‌కు పదవీరక్షణ లేదని, 1998 నవంబరు 25వ తేదీన లండనులోని ప్రభువుల సభ న్యాయాధిపతు లైదుగురిలో ముగ్గురు తీర్పు చెప్పిరి. ఆ ముగ్గురిలో నొకరు హాఫ్‌మన్ ప్రభువు. ఆ వ్యాజ్యమున పినోచెట్‌కు ప్రతికూలముగా వాదించిన ఆమ్నెస్టీ సంస్థకు అనుబంధమైన ధర్మసంస్థకు ఆయన అధ్యక్షుడు. అందు వేతనము గొనలేదు. పక్షపాతము చూపెనని ఎవ్వరును రుజువు చేయలేదు. అయినను డిసెంబరు 17న ఆ సభయే తన తీర్పును రద్దుచేసెను. మరల విచారించిన ఏడుగురు న్యాయాధిపతులలో అధికసంఖ్యాకులు, 1999 మార్చి 24న, ఆరోపణలను మిక్కిలి తగ్గించియు, మిగిలినవానికి రక్షణ లేదనియే చెప్పిరి.

మరి యింత శ్రమ యెందులకు? ఓడినవాడు సయితము తనకు న్యాయము జరిగెనని నమ్మవలెను గనుక.

అభిప్రాయములు లేని మనుష్యుడు లేడు. కాని తాను చేరిన సంఘమే కక్షిదారు అయినపుడు న్యాయాధిపతి పీఠము దిగవలెను. కావున మన సంఘపు వ్యాజ్యము మనవారి యెదుటికి వచ్చినచో, తప్పుకొనుడని మనమే ముందుగా కోరుదము. సిఫారసుతో వారి గడప త్రొక్కకుందము. తప్పుకొనినవారిని కులద్రోహులనక గౌరవింతము. సంఘమునకు అదియే నిజమైన ప్రతిష్ఠ.