మనకు అనుకూలమైనా అబద్ధం అబద్ధమే

(కొండగట్టు సమీప గ్రామాల ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





మనమందరం కరీంనగర్ లోక్‌సభ స్థానం ఓటర్లం. 2024 మే 13న మన పోలింగు జరిగింది. దానికి ముందు, ఏప్రిల్ నెలాఖరులో ఒక వీడియో తెలంగాణ అంతటా వ్యాపించింది. ఎస్సీ, ఎస్టీ, బీసీల రిజర్వేషన్లు రద్దు చేస్తామని కేంద్ర హోంమంత్రి అమిత్ షా ప్రకటించినట్లు అందులో వినిపించింది. అది కత్తిరించి అతికించిన వీడియో. 2023 ఏప్రిల్ 23న చేవెళ్ల సభలో ఆయన రద్దు చేస్తామన్నది ముస్లిం రిజర్వేషన్లను. నకిలీ వీడియోపై ఢిల్లీ పోలీసులు కేసు నమోదు చేశారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డికి సైతం నోటీసులు అందాయి.

దీనివల్ల మనకేమి నష్టమని కొందరు అడగవచ్చు. ఆ సభలో పలికిన అసలు మాట మన హక్కుకు సంబంధించినది. 2007 నాటి చట్టం ముస్లింలలోని 14 వెనుకబడిన వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ కల్పించింది. దానికి ప్రాతిపదిక సామాజిక, విద్యాపరమైన వెనుకబాటుతనం. ఈ సంగతిని ఊరూరా వివరించవలసిన తరుణంలో, వీడియో అసలుదా నకిలీదా అన్న వాదన ముందుకు వచ్చింది. మన చేతిలో ఉన్న నిజాన్ని ఒక అబద్ధం కప్పివేసింది.

ప్రత్యర్థి మీద అల్లినదే కదా అని దాన్ని మనమూ పంచితే, రేపు మన మసీదు మీదో, మన పిల్లల మీదో పుట్టే పుకారును ఖండించే నైతిక బలం మనకు ఉండదు. అందిన వార్తను విచారించుకోవాలని ఖుర్‌ఆన్ హుజురాత్ సూరా 6వ ఆయత్ బోధిస్తోంది. వైరమున్న చోట కూడా న్యాయం తప్పరాదని మాయిదా సూరా 8వ ఆయత్ ఆదేశిస్తోంది.

కనుక వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తుతో వచ్చిన సందేశాన్ని చూడగానే ఆగుదాం. తునక వీడియో వస్తే పూర్తి ప్రసంగాన్ని వెతికి విందాం. నకిలీ అని తేలితే లింకు, తేదీ భద్రపరచి జిల్లా ఎన్నికల అధికారికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేద్దాం. నకిలీ అంశాలను తమ దృష్టికి వచ్చిన 3 గంటల్లో తొలగించాలని 2024 మే 6న ఎన్నికల సంఘం పార్టీలను ఆదేశించింది. అయితే ఆ 3 గంటల్లో ఎన్ని గ్రూపులకు చేరుతుందన్నది మన వేళ్ల మీదే ఆధారపడి ఉంది.

సత్యం పలికే ధైర్యాన్నీ, విన్నదాన్ని విచారించే ఓపికనూ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.