రెండు డబ్బాల జిగురు, మన పిల్లల చేతులు
(కోవిల్‌పట్టిలో మిల్లు కార్మికుల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బోనసు మాట, పనిభారం మాట ఇవాళ పక్కన పెడుతున్నాం. విరుదునగర్ నుంచి సాత్తూరు మీదుగా ఇక్కడి దాకా రోడ్డు పొడవునా ఉన్న టింకరింగ్ షెడ్లలో మన ఇళ్ళ పిల్లలు పనిచేస్తున్నారు. వాళ్ళ గురించే నాలుగు మాటలు.

మనలో ఒకరి అబ్బాయి, పేరు వద్దు. కారు తలుపు రేకును జిగురుతో అతికించే పనిలో పెట్టారు. కొన్నాళ్ళకు వేళ్ళ సందుల్లో దురద, నీటి పొక్కులు, కనురెప్పల వాపు. షెడ్డు యజమాని వేడి కురుపులన్నాడు. తల్లి వేపాకు, పసుపు నూరి రాసింది. రెండు వారాలు ఇంట్లో ఉంటే తగ్గింది. తిరిగి పనిలోకి వెళ్ళిన సాయంత్రమే మళ్ళీ మొదలైంది. అది వేడి కాదు. ఆ జిగురు ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, తర్వాత చుక్క తగిలినా చర్మం రేగుతుంది. చాలామందికి అది జీవితాంతం పోదు. నేర్చుకున్న పని ఆ అబ్బాయి వదులుకోవలసి వచ్చింది.

ఈ జిగురు రెండు భాగాలు. ఒకటి రెజిన్, రెండోది హార్డెనర్. మిల్లు మెయింటెనెన్సులో మనం వాడిన అరల్డైట్ ఈ జాతిదే. కలిపిన తర్వాత పూర్తిగా గట్టిపడితే భయం తక్కువ. పచ్చిగా ఉన్నప్పుడే ప్రమాదం.

పిల్లలు తప్పు చేసేది ఇక్కడే. డెంటు మీద పెట్టే లప్పంలో, ఇక్కడ పట్టీ అంటారు, నూటికి రెండు పాళ్ళ హార్డెనర్ చాలు. కాస్త ఎక్కువైతే త్వరగా ఆరుతుంది. ఆ అలవాటే ఎపాక్సీ జిగురుకూ తెస్తారు. ఎపాక్సీలో హార్డెనర్ ఎక్కువేస్తే త్వరగా ఆరదు, మిగిలిన హార్డెనర్ పచ్చిగానే ఉండిపోతుంది. అతుకూ బలహీనం, చేతికీ చేటు. డబ్బా మీద రాసిన కొలతే కొలత, కంటిచూపు కాదు. ఒకేసారి డబ్బాడు కలిపితే దానంతట అదే కాగి పొగ లేస్తుంది. మన ఎండలకు ఇంకా త్వరగా. కావలసినంతే కలపాలి.

గుడ్డ గ్లవుజులు జిగురును పీల్చి చేతికే అంటిపెడతాయి. నైట్రైల్ గ్లవుజులు కావాలి, అంటుకోగానే మార్చాలి. చేతులు థిన్నరుతో కడగడం అన్నిటికన్నా చెడ్డది; చర్మంలోని నూనెను తీసేసి మందును లోపలికి పంపుతుంది. గుడ్డతో తుడిచి సబ్బునీళ్ళతో కడగాలి. కంట్లో పడితే పదిహేను నిమిషాలు ఆపకుండా నీళ్ళు పోసి, ఆ తర్వాత ఆసుపత్రికి పరుగెత్తాలి. పూర్తిగా ఆరని జిగురును ఉప్పుకాగితంతో రుద్దకూడదు. ఆ చేతులతో బీడీ ముట్టుకోకూడదు.

ఇంకొక రకం ఉంది, పాలీయురెథేన్. దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. 1984లో భోపాల్‌ను చంపిన వాయువు కూడా ఆ కుటుంబానిదే. ఇది అదే అని మేము అనడం లేదు, కానీ ఇది ఆస్తమా తెస్తుంది. ముక్కుకు కట్టిన గుడ్డ ధూళిని కాస్త ఆపుతుందేమో, ఆవిరిని ఆపదు. ఆ జిగురున్న చోట వెల్డింగ్ పెట్టినా ఆ ఆవిరి మళ్ళీ లేస్తుంది.

మన తరం బ్లోరూమ్‌లో, కార్డింగ్‌లో దూది ధూళి పీల్చింది. సోమవారం పనిలోకి రాగానే ఎద మీద బండ పెట్టినట్టుండేది. దానికి బైసినోసిస్ అని ఒక పేరుందని మాకు తెలిసేసరికి ఊపిరితిత్తులు సగం పోయాయి. ఆ జబ్బు, రసాయనాల చర్మవ్యాధి, ఐసోసయనేట్ విషం, ఈ మూడూ 1948 ఫ్యాక్టరీల చట్టం జాబితాలోనూ, 2020 కోడ్ జాబితాలోనూ ఉన్నాయి. అయితే నలుగురు పనిచేసే షెడ్డు ఫ్యాక్టరీ కిందికి రాదు. అందుకే అడగవలసింది మనమే. యజమానితో తగవు పెట్టుకుంటే పిల్లవాడి పని పోతుందని తల్లులు భయపడుతున్నారు, అది మాకు తెలుసు. పిల్లవాణ్ణి ఒంటరిగా పంపకండి. మేము నలుగురం వెళ్ళి ఒక ఫ్యాను, ఒక పెట్టె గ్లవుజులు అడుగుతాం. ఒక బంపరు కూలి కంటే వాటి ఖర్చు ఎక్కువేమీ కాదు.

డబ్బాల మీద రాతంతా ఇంగ్లీషే. మీ పిల్లలు వాడే జిగురు ఖాళీ డబ్బాలు, మూతలు బిగించి, కాగితంలో చుట్టి ఆదివారం యూనియన్ ఆఫీసుకు తీసుకురండి. కూర్చుని చదివి, కొలతలు తెలుగులోనూ తమిళంలోనూ రాసి ఇస్తాం.